రగ్బీ లీగ్ ఆటగాడి జీతంలో లేని లెక్క

సిడ్నీ, బ్రిస్బేన్ పత్రికల క్రీడాపేజీల్లో "పది లక్షల డాలర్ల ఆటగాడు" అన్న మాట ఇప్పుడు మామూలైపోయింది. 2017లో నార్త్ క్వీన్స్‌లాండ్ కౌబాయ్స్ క్లబ్బు జేసన్ టౌమలోలోతో పదేళ్ళకి ఒప్పందం రాసుకుంది. అప్పటికి అతనికి 23 ఏళ్ళు. పత్రికలు వేసిన మొత్తం సుమారు కోటి ఆస్ట్రేలియా డాలర్లు. ఇలాంటి అంకెలు చూసి రగ్బీ లీగ్ బంగారంలాంటి బతుకుతెరువు అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ అంకెలో ఆడినదానికి జీతం ఉంది. ఆడినందువల్ల తర్వాత పనికిరాకుండా పోయే మోకాలికి, భుజానికి, తలకి జీతం లేదు. ఆ రెండో లెక్కని ఆట పెద్దలు సంక్షేమం అంటున్నారు, సహాయనిధి అంటున్నారు. అది బాకీ అని నా వాదన. ఎందుకంటే ఈ ఆట పుట్టిందే ఆ బాకీ దగ్గర.

రగ్బీ అంటే మనవాళ్ళకి కాస్తో కూస్తో తెలిసింది పదిహేనుమంది ఆడే యూనియన్, లేదంటే 2025లో ముంబైలో జరిగిన లీగులో హైదరాబాద్ హీరోస్ ఆడిన ఏడుగురి ఆట. పేరులో లీగ్ ఉన్నా అదీ యూనియన్ కుదురులోదే. నేను చెబుతున్నది పదముగ్గురు ఆడే ఆట గురించి. 1895 ఆగస్టు 29న ఇంగ్లండులోని హడర్స్‌ఫీల్డ్‌లో, జార్జ్ హోటల్లో, ఉత్తరాది క్లబ్బుల ప్రతినిధులు కూర్చుని రగ్బీ యూనియన్ నుంచి విడిపోతున్నామని తేల్చేశారు. గొడవ నియమాల మీద రాలేదు, కూలి మీద వచ్చింది. యార్క్‌షైర్, లాంకషైర్ జట్లలో ఆడేది గని కార్మికులు, నూలు మిల్లుల కార్మికులు. శనివారం మ్యాచ్‌కి పోతే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలి ఇప్పిస్తాం అని క్లబ్బులు అంటే, ఆటకి డబ్బు ముట్టడం అపచారం అని లండన్ దొరలు అన్నారు. విడిపోయాక కొత్త సంఘం పెట్టిన పరిమితి రోజుకి 6 షిల్లింగులు. పదముగ్గురి జట్టు, టాకిల్ (బంతి తెచ్చేవాణ్ణి పట్టి పడగొట్టడం) అయ్యాక లేచి బంతిని కాలితో వెనక్కి నెట్టే పద్ధతి 1906లో వచ్చాయి. అంటే ఆట రూపం కంటే కూలి ఒప్పందమే పదేళ్ళు పెద్దది.

ఆస్ట్రేలియాలోనూ అంతే. 1907లో అలెక్స్ బర్డన్ అనే ఆటగాడు మైదానంలో గాయపడి పనిలోకి పోలేకపోయాడు, యూనియన్ పైసా ఇవ్వలేదు. ఆ కోపంతో కొందరు రహస్యంగా సమావేశాలు పెట్టుకున్నారు. ఎక్కడంటే విక్టర్ ట్రంపర్ ఆటసామాన్ల దుకాణంలో. అవును, క్రికెట్ అభిమానులకి తెలిసిన ఆ ట్రంపరే. ఆ ఏడాదే అక్కడ కొత్త లీగ్ సంఘం పుట్టింది, 1908లో పోటీలు మొదలయ్యాయి.

ఇక ఆట సంగతి. కబడ్డీ చూసినవాళ్ళకి ఇది తొందరగానే పట్టుబడుతుంది: వచ్చేవాణ్ణి గుంపుగా పట్టి ఆపడమే రెండింటికీ ప్రాణం. ఇక్కడ ఒక జట్టుకి ఆరు టాకిల్స్ వరకే బంతి ఉంటుంది, ఆలోగా ట్రై కొట్టాలి (బంతిని అవతలివాళ్ళ గీత దాటించి నేలకి ఆనించాలి), లేదా ఐదో టాకిల్ అయ్యాక తన్ని అవతలివాళ్ళకి అప్పగించాలి. ట్రైకి 4 పాయింట్లు, దాని వెంట తన్నే కన్వర్షన్‌కి 2. ఎనభై నిమిషాలు. టీవీలో చూస్తే పరుగులూ పాసులే కళ్ళకి కడతాయి గానీ ఆటగాడి కెరీర్‌ని మింగేది ఆ మధ్యలో జరిగే టాకిల్.

దగ్గరగా చూద్దాం. 110 కిలోల ప్రాప్, అంటే ముందువరసలో ఆడే బరువైన ఆటగాడు, బంతి పట్టుకుని పది మీటర్ల అవతలనుంచి పరుగున వస్తాడు. ఎదురుగా ముగ్గురు. మొదటివాడు భుజాన్ని సరిగ్గా బంతి మీదకి పోనిచ్చి ఛాతీకి కొడతాడు, పాస్ వెళ్ళకుండా. రెండోవాడు పక్కనుంచి చేతులు చుట్టి వేగం చంపుతాడు. మూడోవాడు అరక్షణం ఆగి కాళ్ళ దగ్గర పడతాడు. పడగొడితే సరిపోదు, వెల్లకిలా పడగొట్టాలి. బోర్లా పడ్డవాడు మోకాళ్ళ మీదనుంచి చటుక్కున లేచి బంతిని వెనక్కి నెట్టేస్తాడు, అప్పటికి డిఫెన్స్ వరస పది మీటర్లు వెనక్కి చేరి ఉండదు. వెల్లకిలా పడ్డవాడు ముందు తిరగాలి, ఆ తర్వాత లేవాలి. తేడా ఒకటో ఒకటిన్నరో సెకను. ఆ సెకను కోసమే క్లబ్బులు కుస్తీ, జూజిట్సు కోచ్‌లని జీతాలిచ్చి పెట్టుకున్నాయి. వాళ్ళు నేర్పించేది మెడ ఎటు తిప్పితే ఒళ్ళు అటు తిరుగుతుందన్న విద్య.

తప్పు ఎక్కడ జరుగుతుంది? ఎక్కువగా టాకిల్ చేసేవాడి తల దగ్గర. తల ఎప్పుడూ బంతి తెచ్చేవాడి వెనక పక్కకి పోవాలి. అలసటలో కాలు ఒక అడుగు ఆలస్యమైతే తల ముందుకి వస్తుంది, అవతలివాడి తుంటి ఎముకో మోకాలో కణతకి తగులుతుంది. తలదెబ్బలు బంతి తెచ్చేవాడి కంటే ఆపేవాడికే ఎక్కువ తగులుతాయన్నది ఆట లోపలివాళ్ళందరికీ తెలుసు. హుకర్ (9వ నంబర్) ఒక మ్యాచ్‌లో నలభై యాభై టాకిల్స్ చేయడం వింతేమీ కాదు. ప్రాప్‌లని రెండు విడతల్లో ఆడించి మధ్యలో విశ్రాంతి ఇస్తారు గానీ, మ్యాచ్‌లో ఆటగాళ్ళ మార్పులు ఎనిమిదికి కుదించాక ఆ విశ్రాంతీ తగ్గింది. చివరి పావుగంటలో అలసిన డిఫెన్స్ మీద పొట్టివాళ్ళు పరుగులు తీస్తే చూడ్డానికి బాగుంటుందని ఆ మార్పు చేశారు. బాగానే ఉంది. ఆ అలసటలోనే తలలు తప్పు పక్కకి పోతాయి.

మ్యాచ్ అయిన మర్నాడు పొద్దున్న మెడ తిరగదు. రెండోరోజు ఇంకా ఘోరం. ఈత కొలను, ఐసు నీళ్ళు, మర్దన, వీడియో సమావేశం. మూడోరోజు బరువులు, నాలుగోరోజు మళ్ళీ ఒంటిమీద ఒళ్ళు తగిలే సాధన. మ్యాచ్‌కి మ్యాచ్‌కి మధ్య ఐదే రోజులు వచ్చిన వారమైతే ఈ నాలుగోరోజు పని రద్దవుతుంది, లేదా కోచ్ మొండివాడైతే రద్దవదు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా సాగే ప్రీసీజన్, అంటే పోటీలకి ముందు సాధన కాలం, ఇంకో లోకం. అందులో ఆటగాళ్ళకి బ్రాంకో పరీక్ష పేరు చెబితేనే కడుపులో తిప్పుతుంది: 20, 40, 60 మీటర్లకి పోయి రావడం, అలా ఐదు చుట్లు, మొత్తం 1200 మీటర్లు, ఆగకుండా. నాలుగున్నర నిమిషాల లోపు ముగించే హాఫ్‌బ్యాక్‌ని మెచ్చుకుంటారు, ఐదు దాటిన ప్రాప్‌ని పక్కకి పిలుస్తారు.

ఇప్పుడు డబ్బు. ఎన్ఆర్ఎల్ అనే ఆస్ట్రేలియా పోటీలో ప్రతి క్లబ్బుకీ 30 మంది ప్రధాన జాబితా, దానిపై జీతాల పరిమితి. 2023లో ఆ పరిమితి సుమారు 1.2 కోట్ల డాలర్లు. ముప్పైతో భాగిస్తే తలకి 4 లక్షలు. కానీ ఎవరూ అలా భాగించరు. ఫుల్‌బ్యాక్, ఫైవ్‌ఎయిత్, హాఫ్‌బ్యాక్, హుకర్, అంటే 1, 6, 7, 9 నంబర్లవాళ్ళు జట్టుకి వెన్నెముక. సంచిలో పెద్ద వాటా వాళ్ళకి పోతుంది, ఆపైన ఒక పేరుమోసిన ఫార్వర్డ్‌కి (ప్రాప్ లాంటి బరువైన ఆటగాడికి). మిగిలిన పాతికమంది అడుగూబొడుగూ పంచుకుంటారు. జాబితాలో చివరివాళ్ళకి 2023లో కనీస జీతం 1.2 లక్షల డాలర్లు. ఇంగ్లండు సూపర్ లీగ్‌లో జట్టు మొత్తానికి పరిమితి 21 లక్షల పౌండ్లు, స్టార్ ఆటగాళ్ళకి కొంత మినహాయింపుతో. అక్కడ మామూలు ఫార్వర్డ్ జీతం మంచి ఎలక్ట్రీషియన్ సంపాదనకి పెద్ద దూరంలో ఉండదు. ఒక మెట్టు దిగి ఛాంపియన్‌షిప్‌కి వస్తే చాలామంది నిజంగానే పగలు ఎలక్ట్రీషియన్లు, సాయంత్రం ఆటగాళ్ళు.

జీతాల పరిమితి మంచిదే, అది లేకపోతే రెండు మూడు డబ్బున్న క్లబ్బులే ప్రతి ఏడూ గెలుస్తాయి. లీగ్ దాన్ని గట్టిగా కాపాడుకుంటుంది కూడా: 2010లో మెల్‌బోర్న్ స్టార్మ్ దొంగలెక్కలు బయటపడితే 2007, 2009 టైటిళ్ళు వెనక్కి లాగేసుకుంది. కానీ పరిమితి వల్ల ఒప్పందాల రూపం మారింది, ఆ భారం ఆటగాడి ఒంటి మీద పడింది. ఉదాహరణకి వెనకబరువు ఒప్పందం. నాలుగేళ్ళ కాగితంలో మొదటి రెండేళ్ళు తక్కువ, చివరి రెండేళ్ళు ఎక్కువ. క్లబ్బుకి ఇప్పుడు సంచిలో చోటు మిగులుతుంది. ఆటగాడికి 31 ఏళ్ళు వచ్చేసరికి, మోకాలు మొరాయించే వేళకి, అతనే క్లబ్బులో ఖరీదైన బరువు. అప్పుడు కోచ్ పిలిచి "వేరే చోట అవకాశాలు చూసుకో" అంటాడు. సగం జీతం మేం కడతాం, మిగతాది కొత్త క్లబ్బు కడుతుంది, నువ్వు పిల్లల బడి మార్చుకో అని దానర్థం.

కాలక్రమం ఇంకా క్రూరం. పదహారు పదిహేడేళ్ళకి హెరాల్డ్ మాథ్యూస్ కప్, తర్వాత ఎస్‌జీ బాల్, తర్వాత ఇరవై ఒకటి లోపువాళ్ళ జెర్సీ ఫ్లెగ్, ఆపైన న్యూ సౌత్ వేల్స్ కప్ లేదా క్వీన్స్‌లాండ్ కప్. ఈ నిచ్చెనలో ప్రతి మెట్టు మీదా చాలామంది ఆగిపోతారు. పైదాకా వచ్చినవాడికి తరచుగా దొరికేది ట్రెయిన్ అండ్ ట్రయల్, అంటే ప్రీసీజన్‌లో మాతో తిరుగు, నచ్చితే చూద్దాం అనే కాగితం. ఒప్పందం ఆఖరి ఏడాదిలో పడుతున్న ఆటగాడితో నవంబర్ 1 నుంచి వేరే క్లబ్బులు బేరం ఆడవచ్చు. కాబట్టి చాలామంది ఒక సీజన్ మొత్తం వచ్చే ఏడాది ఎక్కడుంటామో తెలియకుండా ఆడతారు.

తలదెబ్బ నియమాలు ఎంత మంచివైనా కాగితం మీదే బలంగా ఉండడానికి కారణం ఇక్కడ ఉంది. ఎన్ఆర్ఎల్ నియమాలు నిజంగానే మెరుగయ్యాయి. తలకి తగిలిందన్న అనుమానం వస్తే ఆటగాణ్ణి బయటికి తీసి 15 నిమిషాల పరీక్ష పెడతారు. స్పృహ పోవడం, కాళ్ళు తడబడడం లాంటివి కంటపడితే ఆ రోజు ఇక ఆట లేదు. 2022 నుంచి క్లబ్బు డాక్టర్‌తో సంబంధం లేని డాక్టర్ తెర మీద చూస్తూ ఆటగాణ్ణి బయటికి పంపగలడు. కంకషన్ (దెబ్బకి మెదడు అదరడం) అని తేలితే మామూలుగా 11 రోజులు ఆడకూడదు. బాగుంది. ఇప్పుడు ఆ పదకొండు రోజుల్ని జాబితాలో 27వ ఆటగాడి కళ్ళతో చూడండి. రెండు వారాలు పక్కనుంటే ఆ చోటులోకి ఇరవై ఏళ్ళ కుర్రాడు వస్తాడు. వాడు బాగా ఆడితే నవంబర్‌లో తన పేరు ఎవరూ ఎత్తరు. అతను "తల బరువుగా ఉంది డాక్టర్" అంటాడా? ప్రీసీజన్‌లో పెట్టే మొదటి పరీక్షలో కావాలనే నెమ్మదిగా జవాబులిచ్చి, రేపు దెబ్బ తగిలినా తేడా తెలియకుండా చూసుకునే ఎత్తు కూడా ఆటగాళ్ళకి కొత్తది కాదు. డాక్టర్ స్వతంత్రుడైతే చాలదు, ఆటగాడి ఒప్పందం కూడా కొంత స్వతంత్రంగా ఉండాలి.

మిగతా ఒంటి సంగతి పత్రికలు రాయవు, ఎందుకంటే అది రోజువారీ వ్యవహారం. భుజం మీది ఏసీ కీలు కదిలినా, పక్కటెముక చిట్లినా, వేలి కీలు జారినా మ్యాచ్‌కి ముందు మత్తు సూది, అవసరమైతే హాఫ్‌టైమ్‌లో ఇంకోటి. మోకాలిలో ఏసీఎల్ అనే పట్టీ తెగితే శస్త్రచికిత్స, మూడు నాలుగు నెలలకి పరుగు, తొమ్మిది నెలలకి గాని టాకిల్ లేదు. రెండేళ్ళ ఒప్పందంలో తొమ్మిది నెలలు అంటే ఏమిటో లెక్కేసుకోవచ్చు. మడమ పైన రెండు ఎముకల్ని కలిపే పట్టీ చిరిగితే తీగతో బిగించి ఆరు నుంచి పన్నెండు వారాల్లో వెనక్కి పంపుతారు. నలభై ఏళ్ళకి ఆ మడమ ఎలా ఉంటుందన్నది ఏ క్లబ్బు లెక్కలోనూ ఉండదు.

పెద్ద పేర్లని కూడా ఇది వదల్లేదు. సిడ్నీ రూస్టర్స్ హుకర్ జేక్ ఫ్రెండ్ 2021 ఏప్రిల్‌లో, అదే క్లబ్బు కెప్టెన్ బాయ్డ్ కార్డ్‌నర్ జూన్‌లో, ఇద్దరూ వరస తలదెబ్బల వల్ల ఆట వదిలేశారు. కార్డ్‌నర్‌కి అప్పుడే 29 నిండాయి. బుల్‌డాగ్స్ తరఫున ఆడి, తర్వాత 2004లో అదే జట్టుని కోచ్‌గా గెలిపించిన స్టీవ్ ఫోక్స్ 2018లో 59 ఏళ్ళకి గుండెపోటుతో పోయాడు. ఆ మరుసటి ఏడాది అతని మెదడులో సీటీఈ ఉందని పరిశోధకులు ప్రకటించారు. పదేపదే తలకి తగిలే దెబ్బలతో ముడిపెట్టే ఈ జబ్బుని ఇవాళ్టికీ మనిషి పోయాక, మెదడుని కోసి చూస్తేనే ఖాయం చేయగలరు. బతికున్న మాజీ ఆటగాడు తనకి అది ఉందని రుజువు చేసి పరిహారం అడగలేడు. చెల్లించాల్సినవాళ్ళకి ఇంతకంటే అనుకూలమైన జబ్బు ఉండదు.

మరి చట్టం? న్యూ సౌత్ వేల్స్‌లో ఇటుకలు మోసేవాడు పనిలో నడుం విరగ్గొట్టుకుంటే కార్మిక పరిహార చట్టం ఉంది. నమోదైన క్రీడాకారుణ్ణి మాత్రం ఆ చట్టం కార్మికుడిగా లెక్కపెట్టదు. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాలదీ ఇదే దారి. బర్డన్ కోసం పుట్టిన ఆట, బర్డన్ ఊళ్ళోనే, వందేళ్ళు దాటాక కూడా, బర్డన్‌కి పరిహార హక్కు లేని ఉద్యోగం ఇస్తోంది. ఈ ఒక్క సంగతి విన్నాక కూడా కోటి డాలర్ల ఒప్పందాల గురించి మాట్లాడేవాళ్ళతో వాదించడం కష్టం.

ఇంగ్లండులో పాత మర్యాద ఇంకోటుంది, టెస్టిమోనియల్ ఏడాది. ఒకే క్లబ్బుకి పదేళ్ళు ఆడినవాడికి ఓ ప్రదర్శన మ్యాచ్, విందులు, వేలంపాటలు పెట్టి వచ్చినదంతా అతనికి ఇస్తారు. ఒప్పందంలో లేకుండా స్వతంత్ర కమిటీ నడిపితే 2017 నుంచి లక్ష పౌండ్ల వరకు ఆదాయపు పన్ను లేదు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ఇందులో తలకిందుల న్యాయం ఉంది. పదేళ్ళు ఒకే చోట నిలబడగలిగినవాడు అప్పటికే అదృష్టవంతుడు. మూడు క్లబ్బులు మారి ఏడో ఏట భుజం పోగొట్టుకున్నవాడికే డబ్బు కావాలి, వాడికి టెస్టిమోనియల్ రాదు. ఆస్ట్రేలియాలో ఉద్యోగులందరికీ ఉండే సూపర్‌యాన్యుయేషన్ అనే రిటైర్మెంట్ పొదుపు మామూలుగా 60 ఏళ్ళకి గాని చేతికి రాదు. ముప్పైకి ఆట అయిపోయినవాడికి ఆ మధ్య ముప్పై ఏళ్ళే సమస్య.

నాకు ఎదురు చెప్పేవాళ్ళు రెండు మాటలంటారు. ఒకటి, వాళ్ళు తెలిసే ఈ ఆటలోకి వచ్చారు కదా అని. గనిలో దిగినవాడూ తెలిసే దిగాడు, అంతమాత్రాన గని కూలితే యజమాని చేతులు దులుపుకోడు. పైగా పదహారేళ్ళ కుర్రాడు సంతకం పెట్టేటప్పుడు తెలిసి పెట్టింది ఎంత? రెండో మాటకి బలముంది: డబ్బెక్కడిది? సూపర్ లీగ్ క్లబ్బుల్లో చాలావరకు యజమాని జేబులోంచి నష్టం పూడ్చుకుంటూ నడుస్తాయి. పాత ఆటగాళ్ళు మెదడు గాయాల మీద పాలక సంస్థపై వేసిన వ్యాజ్యం పెద్ద మొత్తంలో గెలిస్తే ఆటే మూతపడుతుందన్న భయం వట్టిది కాదు. అయినా డబ్బు తక్కువ ఉన్నచోట ముందు ఎవరికి కట్టాలన్న ప్రశ్న ఇంకా గట్టిగా అడగాలి.

లీడ్స్ రైనోస్‌కి ఎనిమిది సూపర్ లీగ్ టైటిళ్ళు తెచ్చిన రాబ్ బర్రో కథ తెలిసినవాళ్ళు దాతృత్వం మాట ఎత్తుతారు. అయిదడుగుల ఐదంగుళాల ఆ మనిషికి 2019 చివర్లో మోటార్ న్యూరాన్ వ్యాధి బయటపడింది, 2024 జూన్‌లో చనిపోయాడు. ఆ వ్యాధికి ఆటే కారణమని నేను అనను, ఒక మనిషి విషయంలో అలా తేల్చి చెప్పడానికి వీల్లేదు. అతని పాత కెప్టెన్ కెవిన్ సిన్‌ఫీల్డ్ 2020లో వారం రోజులు వరసగా రోజుకో మారథాన్ పరిగెత్తి, ఆ తర్వాతా ఏటా పరిగెత్తి లక్షల పౌండ్లు పోగుచేశాడు. ఆ స్నేహానికి దణ్ణం పెట్టాల్సిందే. 2014లో న్యూకాసిల్ ఆటగాడు అలెక్స్ మెకినన్‌ని గాల్లోకి ఎత్తి పడేసినప్పుడు 22 ఏళ్ళకే అతని మెడ విరిగింది. అప్పుడూ లీగ్ ఒక వారం మ్యాచ్‌లన్నీ అతని పేరున పెట్టి నిధి వసూలు చేసింది. ఇవన్నీ గొప్ప పనులే. కానీ స్నేహితుడు పరిగెత్తగలిగితేనే వైద్యం అందే ఏర్పాటుని వృత్తి అనలేం. పేరులేని ప్రాప్ కోసం ఎవరు పరిగెత్తుతారు?

చేయాల్సినవి అంత కష్టమైనవేమీ కావు. ప్రసార ఒప్పందం డబ్బులోంచి ఒక స్థిరమైన శాతం, జీతాల పరిమితికి బయట, వైద్య ఖాతాకి పోవాలి. ఆ ఖాతా క్లబ్బుది కాకుండా ఆటగాడి పేరున ఉండాలి, ఆడిన ప్రతి మ్యాచ్‌కీ పెరగాలి, రిటైరయ్యాక ఇరవై ఏళ్ళ వరకు వైద్యానికి వాడుకోగలగాలి. కంకషన్‌తో బయట కూర్చున్న ఆటగాడి ఒప్పందం ఆ సీజన్‌లో ముగుస్తుంటే కనీస జీతంతో ఇంకో ఏడాది తనంతట తానే పొడిగింపు కావాలి. అప్పుడు గాని 27వ ఆటగాడు నిజం చెప్పడు. ఇక సాధన. మైదానంలో ఎన్నిసార్లు ఢీకొన్నాడో భుజాల మధ్య పెట్టిన జీపీఎస్ ముక్క ఎలాగూ లెక్కపెడుతోంది. ఆ లెక్క కోచ్‌ కంప్యూటర్లో ఆగకుండా ఆటగాడి చేతికీ, అతని సొంత డాక్టర్‌కీ అందాలి. ఆ అంకె తన ఒంటిది. కెరీర్ మొత్తం దాన్ని అడగడానికి ఆటగాడికి హక్కుండాలి.

సిడ్నీలో పారమట్టా, వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకి ఇది దూరపు కథ కాదు. పిల్లలు బళ్ళో టాకిల్ లేని ఓజ్‌ట్యాగ్‌తో మొదలుపెడతారు, పక్కింటి పిల్లాడు పారమట్టా జట్టు ఈల్స్ జెర్సీ వేసుకుంటాడు, ఓ రోజు "నేనూ లీగ్ ఆడతా" అంటారు. భయపడి వద్దనడం కంటే క్లబ్బు వాళ్ళని అడగాల్సినవి అడగండి. టాకిల్‌లో తల ఎటు పెట్టాలో నేర్పే కోచ్‌కి శిక్షణ ఉందా? తలకి తగిలిన పిల్లాణ్ణి మళ్ళీ దింపడానికి డాక్టర్ ఉత్తరం అడుగుతారా? వయసుతో కాకుండా బరువుతో జట్లు వేసే వీలుందా? పన్నెండేళ్ళకే 75 కిలోలుండే పిల్లలున్న ఊరది. ఇక పదహారేళ్ళకి ఏజెంట్ ఇంటికొస్తే, అతనికి గుర్తింపు ఉందా, చదువు ఖర్చు ఒప్పందంలో రాశారా, గాయం వల్ల ఆగిపోతే ఆ చదువు సాగుతుందా, ఇవి రాతపూర్వకంగా ఉండాలి.

2023లో ఎన్ఆర్ఎల్ ఆటగాళ్ళు కొత్త ఉమ్మడి ఒప్పందం కోసం జెర్సీ మీది లీగ్ గుర్తుకి పట్టీ అంటించి ఆడారు, మ్యాచ్ రోజుల్లో విలేకరులతో మాట్లాడడం మానేశారు. ఆగస్టులో ఒప్పందం కుదిరింది, రిటైరైనవాళ్ళ కోసం కొంత రాబట్టుకున్నారు కూడా. అది 2027 వరకే. ఆ ఏడాదే పెర్త్ జట్టు వస్తుంది, 2028లో పాపువా న్యూగినీ జట్టు. ఆస్ట్రేలియా ప్రభుత్వం పదేళ్ళలో 60 కోట్ల డాలర్లు పెడుతున్న ఆ జట్టులోకి ఆటగాళ్ళని రప్పించడానికి ఆదాయపు పన్ను లేని జీతం ఎరగా వేస్తున్నారు. రగ్బీ లీగ్‌ని జాతీయ క్రీడగా చూసుకునే దేశం అది, కుర్రాళ్ళు ఎగబడతారు. పోర్ట్ మోర్స్‌బీలో సంతకం పెట్టే ఇరవై ఏళ్ళ ఫార్వర్డ్‌కి ఏజెంట్ చూపించే కాగితంలో పన్ను మినహాయింపు మొదటి పేజీలోనే ఉంటుంది. ఆట మానేశాక తల పరీక్షలకి ఏ ఊరు పోవాలి, టికెట్టు ఎవరు కొంటారు అన్నది కూడా 2027 బేరంలోనే, పేరుపెట్టి, ఒక నిబంధనగా రాయించుకోవాలి.